విచ్చుకోవాలి, విడిపోకూడదు: జింక వేటకు బుల్లెట్ ఎంపిక

తాకగానే విచ్చుకునే బుల్లెట్‌ని యుద్ధంలో వాడబోమని 1899లో హేగ్‌లో కొన్ని దేశాలు ఒప్పుకున్నాయి. ఆ గొడవకి మూలం కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారం. 1890ల చివర్లో అక్కడ బ్రిటిష్ సైన్యం కోసం బుల్లెట్ మొన దగ్గర లోహపు తొడుగు కాస్త తగ్గించి, లోపలి సీసం బయటికి కనపడేలా చేశారు. ఒంట్లోకి దిగగానే అది పుట్టగొడుగులా విచ్చుకుని పెద్ద గాయం చేసేది. క్రూరమని నలుగురూ గోల పెట్టారు, నిషేధించారు.

అదే బుల్లెట్ వేట దగ్గరికొచ్చేసరికి చట్టం అడ్డం తిరుగుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1991 నాటి జింకల చట్టం ప్రకారం రైఫిల్‌తో జింకను కాల్చాలంటే మొన మెత్తగా ఉన్నదో, మొనలో బోలు ఉన్నదో మాత్రమే వాడాలి. అమెరికాలోనూ చాలా రాష్ట్రాలు నిండు తొడుగున్న సైనిక రకం బుల్లెట్లను జింక వేటలో ఒప్పుకోవు. మనిషి విషయంలో క్రూరమన్నది జింక విషయంలో తప్పనిసరి ఎలా అయింది? గాయపడిన సైనికుణ్ణి మోసుకెళ్ళడానికి స్ట్రెచర్ ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది. గాయపడిన జింకకి పొద తప్ప ఏమీ లేదు. సన్నటి రంధ్రం చేసి వెళ్ళిపోయిన బుల్లెట్‌తో అది గంటల తరబడో, రోజుల తరబడో తన్నుకుని చస్తుంది. అందుకే ఇక్కడ లెక్క వేరు: చంపితే త్వరగా చంపాలి. జింక వేటకు అనుమతి ఉన్న చోట ఏ బుల్లెట్ కొనాలన్న చర్చంతా ఈ ఒక్క షరతు చుట్టూనే తిరగాలి. కానీ తిరగదు. తూటా పేర్ల చుట్టూ తిరుగుతుంది.

ముందు మాటల చిక్కు తీసేద్దాం. ఇత్తడి గొట్టం, దానిలో మందు, అడుగున ఆ మందుని అంటించే ప్రైమర్, పైన లోహపు ముక్క, అన్నీ కలిసినది తూటా. ఆ పైనున్న లోహపు ముక్క ఒక్కటే బుల్లెట్. జింకని తాకేది అదొక్కటే. .308 విన్‌చెస్టర్, .270, .30-06, 6.5 క్రీడ్‌మోర్ అంటూ గంటలకొద్దీ వాదించుకునే పేర్లన్నీ తూటా పేర్లు. అవి బుల్లెట్‌ని ఎంత వేగంతో తోస్తాయో చెప్తాయి గానీ, ఆ బుల్లెట్ అక్కడికెళ్ళి ఏం చేస్తుందో చెప్పవు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే.

జింక ఎలా చస్తుంది?

సినిమాల్లో బుల్లెట్ తగిలినవాడు ఎగిరి గోడకి అతుక్కుంటాడు. నిజంగా అలా జరగదు, లెక్క వేసి చూడొచ్చు. .308లో సాధారణంగా వాడే 150 గ్రెయిన్ల బుల్లెట్ బరువు 9.7 గ్రాములు. సెకనుకి 850 మీటర్ల వేగంతో వెళ్ళినా, దాని మొత్తం తోపు 70 కిలోల జింకని సెకనుకి 12 సెంటీమీటర్ల వేగంతో కదిలించడానికి సరిపోతుంది, అంతే. నత్తకన్నా నయం. కాల్చినవాడి భుజానికి తగిలే తన్నుడు కూడా ఇంచుమించు అంతే కదా, అతనేమీ ఎగిరి పడట్లేదు. జింక ఉన్నచోటే కూలిందంటే మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలిందని, లేదా వెన్నెముక పక్కనుంచి బుల్లెట్ వెళ్ళినప్పుడు ఆ అదురుకి వెన్నుపాము మొద్దుబారిందని అర్థం.

మిగతా అన్ని సందర్భాల్లో జింకని చంపేది రక్తస్రావం. గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాలు చిరిగితే రక్తపోటు పడిపోతుంది, మెదడుకి రక్తం అందదు, కొన్ని క్షణాల్లో స్పృహ పోతుంది. ఆ కొన్ని క్షణాలు జింకకి చాలు. గుండె పగిలిన జింక కూడా వంద మీటర్లు పరుగెత్తి పడిపోవడం మామూలే. అది బుల్లెట్ లోపమూ కాదు, గురి లోపమూ కాదు. మెదడులో మిగిలిన ఆక్సిజన్ అయిపోయేదాకా కాళ్ళు ఆగవు.

అందుకే ‘జింకకి కనీసం వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి కావాలి’ అనే పాత సూత్రం నాకు అంతగా నచ్చదు. వెయ్యి ఫుట్-పౌండ్లంటే దాదాపు 1,356 జౌళ్ళు. చట్టాలు ఇలాంటి అంకెలు పెట్టుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లండ్ చట్టం పెద్ద జాతి జింకలకి కనీసం .240 అంగుళాల కాలిబర్ (బుల్లెట్ మందం), బ్యారెల్ మూతి దగ్గర 2,305 జౌళ్ళు ఉండాలంటుంది. తనిఖీ చేయడానికి అంకె సులువు. కానీ విల్లుతో వేటాడేవాళ్ళ సంగతి చూడండి. 26 గ్రాముల బాణం సెకనుకి 85 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి వంద జౌళ్ళు కూడా ఉండదు. అయినా పదునైన మొన ఊపిరితిత్తులని కోస్తే జింక నిమిషంలోపే పడిపోతుంది. శక్తి అనేది జేబులో డబ్బులాంటిది. ఎంత ఉందన్నది ఒక సంగతి, దేని మీద ఖర్చయిందన్నది ఇంకో సంగతి. నిండు తొడుగు బుల్లెట్ మూడువేల జౌళ్ళు మోసుకొచ్చి, అందులో చాలా భాగాన్ని జింక వెనకున్న మట్టిదిబ్బలో ఖర్చుపెడుతుంది.

బుల్లెట్ విచ్చుకుంటే కోసే వైశాల్యం పెరుగుతుంది. 7.8 మిల్లీమీటర్ల మొన రెట్టింపు వెడల్పయితే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. దానికి తోడు, వేగంగా వెళ్ళే వెడల్పాటి మొన చుట్టూ ఉన్న కండని పక్కకి విసురుతుంది. కాలేయంలాంటి సాగని అవయవం ఆ విసురుకి పగిలిపోతుంది. స్పాంజిలాంటి ఊపిరితిత్తులు కొంత సాగి తట్టుకుంటాయి. కాబట్టి ఊపిరితిత్తుల విషయంలో బుల్లెట్ నేరుగా తాకి చింపిందే ఎక్కువగా లెక్కలోకి వస్తుంది.

అయితే విచ్చుకున్న కొద్దీ బుల్లెట్ త్వరగా ఆగిపోతుంది. గొడుగు తెరిచి గాలికి ఎదురు పరుగెత్తినట్టు. మరీ వేగంగా, మరీ ఎక్కువగా విచ్చుకుంటే ముక్కలై జబ్బ ఎముక దగ్గరే ఆగిపోయి, పైపైన భయంకరమైన గాయం చేసి, లోపలి గుండెని ముట్టుకోకుండా మిగులుతుంది. పామూ చావాలి, కర్రా విరగకూడదు. బుల్లెట్ తయారీదార్లు వందేళ్ళకి పైగా తంటాలు పడుతున్నది ఈ రెంటికీ మధ్యనే.

తాకేటప్పుడు వేగమెంత?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక బుల్లెట్ ‘మంచిది’, ఇంకోటి ‘చెడ్డది’ అనుకుంటారు. నిజానికి ప్రతి బుల్లెట్‌కీ అది సరిగ్గా విచ్చుకునే వేగాల పరిధి ఒకటి ఉంటుంది. దానికన్నా నెమ్మదిగా తాకితే విచ్చుకోదు, పెన్సిల్‌లా దూసుకుపోతుంది. దానికన్నా వేగంగా తాకితే చిట్లిపోతుంది. సాధారణ సీసపు మెత్తమొన బుల్లెట్‌కి కింది హద్దు సుమారు సెకనుకి 550 మీటర్లు అనుకోవచ్చు. పూర్తిగా రాగితో చేసినవాటికి 600 దాకా కావాలి. కచ్చితమైన అంకె ఏ బుల్లెట్‌కి ఆ బుల్లెట్‌దే. చాలా కంపెనీలు అడిగితే చెప్తాయి.

.30-30, .308, .30-06, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, ఈ నాలుగు తూటాల్లోనూ బుల్లెట్ మందం ఒకటే, .308 అంగుళాలు. కానీ 1895 నాటి .30-30 తన 150 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి 730 మీటర్ల దగ్గర వదులుతుంది. వంద గజాలు వెళ్ళేసరికి అది 600కి, రెండు వందల గజాలకి 490కి పడిపోతుంది. .300 మాగ్నమ్ అదే బరువుని దాదాపు వెయ్యి మీటర్ల వేగంతో వదులుతుంది. అందుకని .30-30 కోసం చేసే బుల్లెట్ చాలా మెత్తగా ఉంటుంది, నెమ్మది వేగానికే విచ్చుకోవాలి కనుక. సొంతంగా తూటాలు నింపుకునేవాడు ఆ మెత్తటి బుల్లెట్‌ని మాగ్నమ్‌లో పెట్టి ముప్ఫై మీటర్ల దూరంలో జింక జబ్బ మీద కాలిస్తే అది అక్కడే పిండైపోతుంది. మాగ్నమ్ కోసం చేసిన గట్టి బుల్లెట్‌ని .30-30లో పెడితే తెరుచుకోకుండా అవతలికి పోతుంది. కాలిబర్ ఒకటే, బరువు ఒకటే, ఫలితాలు రెండూ చెడ్డవే, అదీ రెండు వేర్వేరు రకాల్లో.

అంటే అడగాల్సిన ప్రశ్న ‘.308 చాలా?’ అని కాదు. ‘నేను కాల్చే దూరానికి నా బుల్లెట్ ఎంత వేగంతో చేరుతుంది, ఆ వేగంలో అది ఏం చేస్తుంది?’ అని. మామూలు .308 మెత్తమొన 150 గ్రెయిన్ల తూటా తీసుకుంటే, మూతి దగ్గర 860 మీటర్లు, 300 గజాల దగ్గర 610, 400 గజాల దగ్గర 540. సీసపు బుల్లెట్ అయితే నాలుగు వందల గజాలకి హద్దు దాటిపోయింది. ఆ వేగంతోనే ఎగిరే రాగి బుల్లెట్ అయితే మూడు వందలకే అంచుమీద ఉంది. ఆ దూరంలో గురి తప్పకుండా కొట్టగలిగినా అనవసరం, బుల్లెట్ తన పని చేయదు.

లోపల ఏముంది?

అన్నిటికన్నా పాతది, చవకది, ఇప్పటికీ ఎక్కువ జింకల్ని పడగొడుతున్నది సీసపు గుజ్జు, రాగి తొడుగు, మొన దగ్గర బయటికి కనపడే సీసం. లోపలి సీసానికీ తొడుగుకీ మధ్య అతుకు ఉండదు. మధ్యస్థ వేగాల్లో, మామూలు దూరాల్లో, పక్కకి తిరిగి నిలబడ్డ జింకకి దీన్ని మించినది అక్కర్లేదని నా అభిప్రాయం. గొప్ప గొప్ప డబ్బాల మధ్య దీన్ని చిన్నచూపు చూస్తారు. వేగం మరీ ఎక్కువైనప్పుడు, పెద్ద ఎముక అడ్డం వచ్చినప్పుడు మాత్రం సీసం, తొడుగు విడిపోయి ఎవరి దారి వాళ్ళు చూసుకుంటాయి.

ఈ విడిపోవడమే 1946లో కెనడాలో మూస్ వేటకెళ్ళిన జాన్ నాస్లర్‌కి ఎదురైంది. తన .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ బుల్లెట్లు ఆ భారీ జంతువు ఒంటి మీద చిట్లిపోయాయి తప్ప లోతుకి దిగలేదు. ఇంటికొచ్చి రాగి తొడుగు మధ్యలో అడ్డగోడ పెట్టాడు. ముందు గదిలో సీసం విచ్చుకోవడానికి, వెనక గదిలో సీసం కదలకుండా దూసుకెళ్ళడానికి. పార్టిషన్ అనే ఆ బుల్లెట్ ఇవాళ్టికీ అమ్ముడవుతోంది. తర్వాత వచ్చిన బాండెడ్ బుల్లెట్లలో అడ్డగోడకి బదులు సీసాన్ని తొడుగుకి అతికించేస్తారు. తాకిన తర్వాత కూడా బరువులో ఎక్కువ భాగం నిలుపుకుంటాయి. జింక ఎదురుగానో వాలుగానో నిలబడినప్పుడు, ఎముకలు దాటి పోవాల్సి వచ్చినప్పుడు వీటి విలువ తెలుస్తుంది.

ప్లాస్టిక్ మొన ఉన్నవి చూడ్డానికి ఆధునికంగా ఉంటాయి. ఆ మొన గాలిని సాఫీగా చీలుస్తుంది, తాకగానే లోపలికి నెట్టుకుని బుల్లెట్‌ని మేకులా తెరుస్తుంది. కానీ మొన ఒక్కటే చూసి కొనకూడదు. దాని వెనక పల్చటి తొడుగు ఉండొచ్చు, అతికించిన సీసం ఉండొచ్చు, పూర్తి రాగి ఉండొచ్చు. ఒకే రంగు టోపీ పెట్టుకున్న ముగ్గురు వేర్వేరు మనుషులు.

చిన్న పిడకల వేట: గొట్టం మ్యాగజైన్ ఉన్న లివర్ రైఫిళ్ళలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కి ఆనుకుంటుంది. గట్టి మొన అయితే అదురుకి ప్రైమర్ పేలే ప్రమాదం. అందుకే ఆ రైఫిళ్ళలో వాడే .30-30 బుల్లెట్లు చాలాకాలం బల్లపరుపు మొనతోనే ఉండేవి. రబ్బరులా ఒత్తుకునే మొన వచ్చాకే వాటికి సూది ముఖం దక్కింది.

పోటీల కోసం చేసే మ్యాచ్ బుల్లెట్ల మొనలో కూడా చిన్న కన్నం కనపడుతుంది. దాన్ని చూసి ‘ఇది బోలు మొన, విచ్చుకుంటుంది’ అనుకుంటే పొరపాటు. అది తయారీలో మిగిలిపోయిన కన్నం. ఒకసారి చిట్లుతుంది, ఒకసారి విచ్చుకోకుండానే పోతుంది. కాగితం మీద గుర్తుకి గుర్తు తగులుతుందని జింక మీద వాడేవాళ్ళున్నారు. నేనైతే వద్దంటాను.

ఇక రాగి. సీసం అస్సలు లేకుండా రాగి కడ్డీ నుంచి చేసిన బుల్లెట్‌ని 1980ల చివర్లో బార్న్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. తాకినప్పుడు మొన నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు అంతా నిలుస్తుంది, లోతుకి దిగుతుంది. రాగి సీసంకన్నా తేలిక: ఘన సెంటీమీటరుకి సీసం 11.3 గ్రాములుంటే రాగి 8.96. కాబట్టి అదే బరువు కావాలంటే రాగి బుల్లెట్ పొడవుగా ఉండాలి. పొడవు పెరిగితే అది గాలిలో తలకిందులు కాకుండా నిలబడటానికి బ్యారెల్‌లోని మర (బుల్లెట్‌ని గిరగిరా తిప్పే మెలి గాడి) ఇంకాస్త బిగువుగా తిరగాలి. పాత .243 రైఫిళ్ళలో పది అంగుళాలకి ఒక చుట్టు మర ఉంటుంది. 100 గ్రెయిన్ల సీసపు బుల్లెట్‌ని అది హాయిగా తిప్పుతుంది, అంతే బరువున్న రాగి బుల్లెట్ దగ్గర తడబడొచ్చు. విరుగుడు సులువే, ఒక మెట్టు తేలికది తీసుకోవడం. రాగి బరువు పోగొట్టుకోదు కనుక 150 బదులు 130 తీసుకున్నా లోతుకి లోటుండదు, పైగా వేగం పెరిగి విచ్చుకోవడానికి పనికొస్తుంది.

రాగి వైపు జనం మళ్ళడానికి లోతు ఒక్కటే కారణం కాదు. సీసపు బుల్లెట్ చిట్లినప్పుడు కంటికి కనపడని తునకలు గాయం చుట్టూ చాలా దూరం చిమ్ముతాయి. 2008లో అమెరికాలోని నార్త్ డకోటాలో పేదలకి దానమిచ్చిన జింక కైమాని ఎక్స్‌రే తీస్తే సీసపు రవ్వలు బయటపడ్డాయి. వేటగాళ్ళు అడవిలో వదిలేసిన పేగుల్ని తిని కాలిఫోర్నియా కాండోర్ రాబందులు సీసం విషంతో చనిపోవడం అంతకుముందే తెలుసు. 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో వేటకి సీసం పూర్తిగా బంద్. డెన్మార్క్ 2024లో రైఫిల్ తూటాల్లోనూ సీసాన్ని ఆపేసింది. ఇంట్లో పిల్లలో గర్భిణులో ఆ మాంసం తింటారంటే సీసం రాగి వాదన అక్కడితో ముగిసినట్టే.

బరువు, గురి

బరువు ఎంచుకోవడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒకే మందంలో బరువైనది పొడవుగా ఉంటుంది, లోతుకి దిగుతుంది, భుజాన్ని ఎక్కువ తంతుంది. .30 కాలిబర్‌లో 150 నుంచి 165 గ్రెయిన్లు, 6.5లో 120 నుంచి 140, .243లో 90 నుంచి 100, జింకకి ఇవి సరిపోతాయి. ఇరవై కిలోల రో జింకకీ రెండొందల కిలోల రెడ్ డీర్ మగదానికీ ఒకే బుల్లెట్ పెట్టొద్దు. చిన్నదానికి మెత్తటిది, త్వరగా తెరుచుకునేది కావాలి; సన్నటి ఒంట్లో గట్టి బుల్లెట్‌కి తెరుచుకునే సమయమే దొరకదు. పెద్దదానికి బాండెడ్ లేదా రాగి.

బుల్లెట్ జింక ఒంట్లోనే ఆగిపోవాలా, అవతలికి దాటాలా అనే పాత తగువులో నేను దాటే వైపే. లోపలే ఆగితే శక్తి అంతా లోపలే ఖర్చవుతుందంటారు నిజమే. కానీ పైనుంచి దిగి లోపలే ఉండిపోయిన బుల్లెట్ రంధ్రాన్ని వెంట్రుకలు, కొవ్వు మూసేస్తాయి. రక్తమంతా ఛాతీలోనే నిండుతుంది, నేల మీద ఒక్క చుక్క పడదు. సాయంత్రం చీకట్లో దట్టమైన పొదల్లో ఎనభై మీటర్లు పరుగెత్తి పడిన జింకని చుక్క రక్తం లేకుండా వెతకడం ఎంత టెన్షనో వెతికినవాళ్ళకే తెలుసు. రెండు రంధ్రాలుంటే దారి కనపడుతుంది. అవతలికి దాటే బుల్లెట్ ఎక్కడికెళ్ళి ఆగుతుందో కాల్చకముందే చూసుకోవాలి, వెనక మట్టిగట్టు లేకపోతే ట్రిగ్గర్ ముట్టుకోకూడదు.

పక్కకి తిరిగి నిలబడ్డ వైట్‌టెయిల్ జింకలో గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు ఇరవై సెంటీమీటర్ల వెడల్పు. చిన్న పళ్ళెమంత. అది తప్పి పొట్టలో తగిలితే ఏ బుల్లెట్ అయినా ఒకటే, అతి ఖరీదైన బాండెడ్ బుల్లెట్ కూడా ఆ తప్పుని దిద్దలేదు. ఒక్కో రైఫిల్‌కి ఒక్కో బుల్లెట్ పడుతుంది, కారణం తయారీదారుకే సరిగ్గా తెలియదు. రెండు మూడు రకాల డబ్బాలు తెచ్చి, కాగితం మీద అన్నిటికన్నా దగ్గరదగ్గరగా పడినదాన్ని తీసుకోవాలి. సీసం నుంచి రాగికి మారేటప్పుడు బ్యారెల్‌ని శుభ్రంగా తుడిచి, పాత బుల్లెట్ పూత వదిలించాకే పరీక్షించాలి, లేకపోతే తప్పు రైఫిల్ మీదకో బుల్లెట్ మీదకో పోతుంది. బరువు ఒకటే కదా అని పాత గురినే నమ్ముకోవద్దు. 150 నుంచి 150కే మారినా, కంపెనీ మారితే వంద మీటర్ల దగ్గర దెబ్బ నాలుగైదు సెంటీమీటర్లు అటో ఇటో జరగొచ్చు. కొత్త డబ్బా తెరిచిన రోజున కనీసం మూడు తూటాలు కాగితం మీద ఖర్చుపెట్టాలి, స్కోప్ మరలు మళ్ళీ తిప్పుకోవాలి.